జపాన్ టూర్‌లో 69.15, అమెరికా టూర్‌లో 69.99: ఎవరు మెరుగు?

అడిగినవారి సందేహం ఇది. 2024లో మియు యమాషిత జపాన్ మహిళల టూర్ (జేఎల్‌పీజీఏ)లో రౌండుకి (18 హోళ్లకి) సగటున 69.15 స్ట్రోకులు (బంతిని కొట్టిన దెబ్బలు) ఆడింది. అదే ఏడాది అయాకా ఫురుయే అమెరికా టూర్ (ఎల్‌పీజీఏ)లో 69.99 సగటుతో వేర్ ట్రోఫీ (ఆ టూర్‌లో ఏడాదికి అతి తక్కువ సగటుకి ఇచ్చేది) అందుకుంది. గోల్ఫ్‌లో ఎంత తక్కువైతే అంత గొప్ప కదా, మరి యమాషితే మెరుగని అనుకోవచ్చా? కుదరదంటే రెండు టూర్ల ప్లేయర్లని ఎలా పోల్చాలి? ఎక్సెల్‌లో అయ్యే పనేనా? మిగతా గణాంకాల్లో ఏవి పక్కపక్కన పెట్టొచ్చు?

సూటిగా చెప్తే: ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఏమీ తేల్చలేం. రంజీలో ఒకరి సగటు 60, టెస్టుల్లో ఇంకొకరి సగటు 45 ఉంటే రంజీ ఆటగాడే గొప్పని ఎవరూ అనరు కదా, ఇదీ అంతే. ముందు ఒక్కో స్కోరునీ ఆ రోజు అదే కోర్సులో ఆడిన మిగతావాళ్ల సగటుతో పోల్చాలి. తర్వాత రెండు టూర్లలోనూ ఆడినవాళ్లని వంతెనగా వాడుకుని రెండు సగటుల మధ్య తేడా కట్టాలి. ఎక్సెల్‌లో అవుతుంది. కాకపోతే వచ్చే జవాబు "ఇంత" అని కాదు, "ఇంత నుంచి ఇంత దాకా" అని వస్తుంది. ఆ వెడల్పు చూసి చాలామంది నిరుత్సాహపడతారు.

ముందుగా ఆ రెండు అంకెల సంగతే చూద్దాం. ఒక ప్రొఫెషనల్ స్కోరు రౌండుకీ రౌండుకీ మధ్య సుమారు 3 స్ట్రోకుల ప్రామాణిక విచలనంతో ఊగుతుంది. సీజన్‌లో 85 రౌండ్లు ఆడితే సగటులో ఉండే అనిశ్చితి 3 ÷ √85, అంటే దాదాపు 0.33. వంద రౌండ్లు ఆడితే 0.30. రెండు సగటుల తేడాకి అనిశ్చితి ఈ రెండూ కలిసి 0.44 అవుతుంది. మన తేడా 0.84. అంటే కోర్సులూ ప్రత్యర్థులూ అచ్చంగా ఒకటే అనుకున్నా ఇది అంచు మీద నిలబడిన తేడా. అవి ఒకటి కావు కాబట్టి ఆ అంచు కూడా మిగలదు.

పైగా పార్ (కోర్సు ముగించడానికి నిర్ణయించిన స్ట్రోకుల సంఖ్య) సంగతి ఉంది. జపాన్ టూర్‌లో ఎక్కువ కోర్సులు పార్ 72. అమెరికా టూర్‌లో పార్ 71 కోర్సులు చాలా తగులుతాయి, అప్పుడప్పుడు 70 కూడా. ఒకరి రౌండ్లలో మూడో వంతు పార్ 71 మీద ఆడినవైతే, ఆమె ఏమీ చేయకుండానే సగటు 0.33 తగ్గిపోతుంది. అందుకే తెచ్చుకున్న పట్టికలో సగటు పార్ 72కి మార్చినదా, ముడి స్కోరా అన్నది మొదట చూసుకోండి. ఇంకో మెలిక: 2024లో నెల్లీ కోర్డా సగటు ఫురుయే కంటే మెరుగ్గానే ఉంది, కానీ వేర్ ట్రోఫీకి కావాల్సినన్ని రౌండ్లు ఆడలేదు. ట్రోఫీ ఎవరికి వచ్చిందన్నదీ, ఎవరు బాగా ఆడారన్నదీ ఒకే టూర్ లోపల కూడా ఒకటి కావన్నమాట.

టైటిళ్ల లెక్కతో పోల్చకండి. 2024లో రియో టకేడా జపాన్‌లో 8 గెలిచింది, కోర్డా అమెరికా టూర్‌లో 7 గెలిచింది. ఈ రెండు అంకెల మీద జరిగే వాదనలకి అంతుండదు. జపాన్ టూర్‌లో మూడు రోజుల, 54 హోళ్ల టోర్నీలు చాలా ఉన్నాయి. అమెరికా టూర్‌లో దాదాపు అన్నీ 72 హోళ్లవే. రౌండ్లు తగ్గేకొద్దీ అదృష్టం వాటా పెరుగుతుంది. రౌండుకి 1 స్ట్రోకు మెరుగైన ప్లేయర్‌కి నాలుగు రౌండ్లలో 4 స్ట్రోకుల ఆధిక్యం వస్తే, మూడింటిలో వచ్చేది 3. ఊగిసలాట మాత్రం √4 నుంచి √3కే తగ్గుతుంది. అంటే 54 హోళ్లలో అందరికంటే మెరుగైనవాళ్లు ఓడిపోయే అవకాశం ఎక్కువ. ఈ లెక్కన టకేడా 8 విజయాలు ఇంకా గొప్పగా కనిపిస్తాయి. అయితే ప్రత్యర్థుల లోతు లెక్కలోకి తెచ్చేసరికి తక్కెడ కోర్డా వైపు తిరుగుతుంది. ఏది ఎంత తూగుతుందో టైటిళ్ల లెక్క చెప్పదు.

ప్రైజ్‌మనీ ఇంకా దారుణమైన కొలత. జపాన్‌లో విజేతకి సాధారణంగా మొత్తం పర్సులో 18 శాతం వెళ్తుంది, అమెరికా టూర్‌లో మామూలు టోర్నీల్లో 15 శాతం. దానికి తోడు మారకం రేటు. టకేడా 2024లో సంపాదించిన 26 కోట్ల 57 లక్షల యెన్‌లు, డాలర్‌కి 150 యెన్‌ల చొప్పున సుమారు 17 లక్షల 70 వేల డాలర్లు. మూడేళ్ల ముందటిలా 110 చొప్పున కడితే 24 లక్షలు దాటుతుంది. ఆటలో ఏ మార్పూ లేకుండా మూడో వంతు తేడా!

ఇక పద్ధతి. రౌండుకి ఒక వరుస ఉండేలా షీట్ చేసుకోండి: ప్లేయర్, టూర్, టోర్నీ, తేదీ, కోర్సు, ఎన్నో రౌండ్, స్కోరు, పార్. టోర్నీ మొత్తం స్కోరుతో పని జరగదు, రౌండ్ల వారీగా కావాలి. రెండేళ్ల డేటా తీసుకోండి. ఏడాదైతే వంతెనలు చాలవు, నాలుగేళ్లైతే ప్లేయర్లే మారిపోతారు.

ప్రతి రౌండ్‌కీ ఆ రోజు ఆడినవాళ్ల సగటు కట్టి, ఒక్కొక్కరి స్కోరులోంచి తీసేయండి. సగటు 72.4 ఉన్న రోజు 70 ఆడితే మైనస్ 2.4. గాలి, వాన, పిన్ (హోల్ జెండా) ఎక్కడ పెట్టారు, టీలు (మొదటి షాట్ కొట్టే చోట్లు) ఎంత వెనక్కి జరిపారు, ఇవన్నీ ఈ ఒక్క తీసివేతతో చాలావరకు పోతాయి. ఉదయం బ్యాచ్‌కీ మధ్యాహ్నం బ్యాచ్‌కీ వాతావరణం బాగా మారిన రోజుల్లో రెండు బ్యాచ్‌ల సగటులు విడివిడిగా కట్టుకోండి. బ్రిటన్ ఓపెన్ డేటాలో ఇది తప్పనిసరి.

ఇక్కడే ఎక్కువమంది పడే గుంట: కట్, అంటే మొదటి రౌండ్ల తర్వాత వెనకబడ్డవాళ్లని తప్పించడం. మూడో రౌండ్ నుంచి మిగిలేది బాగా ఆడినవాళ్లే. ఆ రోజు సగటు సహజంగానే మెరుగవుతుంది, దాంతో పోల్చితే మంచి ప్లేయర్ కూడా మామూలుగా కనిపిస్తుంది. సులువు కావాలంటే మొదటి రెండు రౌండ్లే వాడండి. డేటా సగానికి తగ్గుతుంది, కానీ లెక్క శుభ్రంగా ఉంటుంది. అన్ని రౌండ్లూ కావాలంటే రెండు వైపుల సర్దుబాటు చేయాలి. ప్రతి ప్లేయర్‌కీ ఒక సామర్థ్యం అంకె, ప్రతి రౌండ్‌కీ ఒక కష్టం అంకె పెట్టుకోండి. మొదట సామర్థ్యాలన్నీ సున్నా. రౌండ్ కష్టం అంటే స్కోరులోంచి సామర్థ్యం తీసేయగా మిగిలినదాని సగటు. సామర్థ్యం అంటే స్కోరులోంచి రౌండ్ కష్టం తీసేయగా మిగిలినదాని సగటు. ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ మళ్లీ కట్టుకుంటూ పోవాలి.

దీన్ని ఎన్నిసార్లు తిప్పాలి? ఒకే టూర్ డేటా అయితే ఇరవై, ముప్ఫై సార్లకి అంకెలు కుదురుకుంటాయి. రెండు టూర్లు కలిపినప్పుడు అలా ఆపేస్తే తప్పు జవాబు వస్తుంది. టూర్ లోపలి ర్యాంకులు త్వరగానే స్థిరపడతాయి. రెండు టూర్ల మధ్య దూరం మాత్రం చాలా మెల్లగా కదులుతుంది, ఎందుకంటే వాటిని కలిపే రౌండ్లు కొద్దివే. మార్పు 0.01 కంటే తగ్గింది కదా అని ఆపితే, నిజమైన దూరంలో కొంత భాగమే వచ్చి ఉంటుంది. ఇలా వచ్చిన పట్టికల్లో జపాన్ ప్లేయర్లు ఉండాల్సినదానికంటే పైన కనిపిస్తారు. వందల సార్లు తిప్పండి, లేదా ఎక్సెల్‌ని వదిలి ఏదైనా స్టాటిస్టిక్స్ ప్యాకేజీలో లీస్ట్ స్క్వేర్స్ ఒకేసారి చేయండి. ఆ రెండూ వద్దనుకుంటే వంతెన లెక్క నేరుగా చేతితో కట్టుకోవచ్చు.

చేతి లెక్క ఇలా ఉంటుంది. అంకెలు లెక్క చూపించడానికి పెట్టినవే, ఏ ప్లేయర్‌వీ కావు. మొదటి ప్లేయర్ జపాన్‌లో 40 రౌండ్లలో సగటు కంటే 2.6 మెరుగు, అమెరికా టూర్ టోర్నీల్లో 12 రౌండ్లలో 1.1 మెరుగు, తేడా 1.5. రెండో ప్లేయర్ 60 రౌండ్లలో 1.9, 24 రౌండ్లలో 0.9, తేడా 1.0. మూడో ప్లేయర్ 50 రౌండ్లలో 2.2, 8 రౌండ్లలో 0.2, తేడా 2.0. మామూలు సగటు తీస్తే 1.5 వస్తుంది. అది తప్పు, ఎందుకంటే 8 రౌండ్ల మనిషికీ 24 రౌండ్ల మనిషికీ సమాన బరువిచ్చాం. సరైన బరువు రెండు రౌండ్ల సంఖ్యల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది: 9.2, 17.1, 6.9. వీటితో కడితే తేడా 1.35. అనిశ్చితి, 3ని 33.2 వర్గమూలంతో భాగిస్తే, 0.52. అంటే నిజమైన దూరం 0.3 నుంచి 2.4 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ముగ్గురితో తేలేది అంతే. ముప్ఫై మంది వంతెనలు దొరికితే ఆ వెడల్పు మూడో వంతుకి దగ్గరగా తగ్గుతుంది.

వంతెనలు ఎక్కడ దొరుకుతాయి? మూడు చోట్ల. మొదటిది నవంబర్‌లో జపాన్‌లో జరిగే టోటో జపాన్ క్లాసిక్. దీన్ని రెండు టూర్లూ కలిసి గుర్తిస్తాయి, కట్ ఉండదు, కాబట్టి లెక్కకి హాయి. 2020, 2021 సంవత్సరాలు మాత్రం వదిలేయండి. కోవిడ్ వల్ల అప్పుడు జపాన్ టూర్ టోర్నీగా మాత్రమే జరిగింది. అప్పటి విజేతలు జియాయ్ షిన్, ఫురుయే ఇద్దరూ జపాన్ టూర్‌లో ఆడుతున్నవాళ్లే. ఈ వంతెనలో ఒక వంపు ఉంది. జపాన్ ప్లేయర్లకి అది సొంత గడ్డ, సొంత గడ్డి. వచ్చేవాళ్లు ఆసియా యాత్రలో వారాల తరబడి తిరిగి అలసి ఉంటారు, అమెరికా అగ్రశ్రేణిలో కొందరు అసలు రారు. 2018లో నాసా హటావోక, 2019లో ఐ సుజుకి, 2023లో మోనే ఇనామీ, 2024లో టకేడా ఇక్కడ గెలిచారని "రెండు టూర్లూ సమానమే" అనేయకండి.

రెండోది మేజర్లు, అంటే ఏడాదిలో అన్నిటికంటే పెద్ద టోర్నీలు: యూఎస్ మహిళల ఓపెన్, ఎవియాన్, బ్రిటన్‌లో జరిగే ఏఐజీ ఓపెన్. ఇక్కడ వంపు అమెరికా టూర్ వైపు. జపాన్ నుంచి వచ్చేవాళ్లు 7, 8 గంటల నుంచి 16 గంటల దాకా సమయ తేడా దాటి రావాలి. గడ్డి కొత్త. జపాన్ ఫెయిర్‌వేల (కోర్సులో కత్తిరించిన గడ్డి దారులు) మీద ఉండే కొరాయ్ గడ్డి బిరుసుగా ఉండి బంతిని పైకెత్తి పట్టుకుంటుంది, చిన్న టీ పుల్ల మీద పెట్టినట్టే. అలవాటైన ఐరన్ షాట్ శుభ్రంగా తగులుతుంది. అమెరికా దక్షిణాదిలో బెర్ముడా రఫ్‌లో (ఫెయిర్‌వే పక్కన పెరిగిన గడ్డి) బంతి కిందికి దిగిపోతుంది, గ్రీన్ (హోల్ చుట్టూ నున్నటి గడ్డి) మీద గడ్డి మొగ్గిన దిక్కుకి పట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) వంగుతుంది. బ్రిటన్ లింక్స్‌లో (సముద్రతీరపు కోర్సులు) నేల గట్టిది, పడ్డాక బంతి చాలా దూరం దొర్లుతుంది. అందుకే రెండు వంతెనలూ విడివిడిగా కట్టి చూడండి. టోటోలో తేడా తక్కువ, మేజర్లలో ఎక్కువ రావాలి. అసలు దూరం ఆ రెంటి మధ్యన ఉంటుంది. డేటా సరిపడా ఉంటే "సొంత గడ్డ" అని ఒక అదనపు పదం మోడల్‌లో పెట్టండి.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది: టూర్ మారినవాళ్లు. సాయిగో మావో 2024లో, యమాషిత, టకేడా, ఇవాయి కవలలు 2025లో అమెరికా టూర్‌కి వెళ్లారు. వీళ్లకి రెండు వైపులా నిండు సీజన్ల డేటా ఉంది. కానీ ఎవరైనా టూర్ మారేది బాగా ఆడిన ఏడాది తర్వాతే. ఆ ఏడాదిలో కొంత అదృష్టం కూడా కలిసి ఉంటుంది, మరుసటి ఏడాది అది జారిపోతుంది. ఆ జారుడంతా "అమెరికా టూర్ కష్టం" ఖాతాలో వేస్తే దూరం ఎక్కువ చూపిస్తుంది. విరుగుడు సులువే: మారక ముందు ఒక్క ఏడాది కాదు, రెండేళ్ల సగటు తీసుకోండి. యమాషితకి 2022లో 69.97, 2023లో 69.43, 2024లో 69.15. చివరి ఏడాది ఒక్కటే తీసుకుంటే లెక్క ఆమె శిఖరం నుంచి మొదలవుతుంది.

వెళ్లి తిరిగొచ్చినవాళ్లని, తడబడ్డవాళ్లని డేటాలోంచి తీసేయకండి. హటావోక 2017లో అమెరికాలో మొదటి ఏడాది నిలదొక్కుకోలేక క్యూ-స్కూల్‌కి (టూర్‌లో చోటు కోసం ఆడే అర్హత పోటీ) వెళ్లాల్సి వచ్చింది, 2018లో గెలవడం మొదలుపెట్టింది. ఇనామీ టోక్యో ఒలింపిక్స్ రజత పతక విజేత (మన అదితి అశోక్ ఒక్క స్ట్రోకు వెనక నాలుగో స్థానంలో ఆగిపోయింది ఆ పోటీలోనే). అంతటి ప్లేయర్‌కి కూడా 2024లో అమెరికా టూర్ కలిసిరాలేదు. గెలిచినవాళ్లనే లెక్కేస్తే మొదటి ఏడాది ధర ఎంతో తెలియదు.

అటు నుంచి ఇటు వచ్చినవాళ్లూ ముఖ్యమే. 2009లో అమెరికా టూర్ మనీ లిస్ట్‌లో మొదటి స్థానం తెచ్చుకున్న జియాయ్ షిన్ 2014 నుంచి జపాన్‌లో ఆడుతోంది. 2019లో 69.94 సగటుతో జపాన్ టూర్ చరిత్రలోనే మొదటిసారి 70 లోపు సీజన్ ముగించింది. జపాన్‌లో ఉంటూనే 2023 యూఎస్ ఓపెన్‌లో పెబుల్ బీచ్‌లో ఉమ్మడి రెండో స్థానం, అదే ఏడాది ఏఐజీ ఓపెన్‌లో మూడో స్థానం, 2024లో సెయింట్ ఆండ్రూస్‌లో మళ్లీ ఉమ్మడి రెండో స్థానం. ఇలాంటి ఒక్క ప్లేయర్ రౌండ్లు ఇరవై మంది అరకొర డేటా కంటే విలువైనవి.

మిగతా గణాంకాల్లో ఏవి పక్కపక్కన పెట్టొచ్చో కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా.

గ్రీన్స్ ఇన్ రెగ్యులేషన్ (పార్‌లో రెండు తీసేస్తే మిగిలినన్ని స్ట్రోకుల్లోపు బంతి గ్రీన్ చేరిన శాతం, జపాన్‌లో "పార్ ఆన్" రేటు అంటారు) నిర్వచనం రెండు చోట్లా ఒకటే, సాండ్ సేవ్ (గ్రీన్ పక్క ఇసుక గుంట నుంచి రెండు స్ట్రోకుల్లోపు ముగించిన శాతం) కూడా. జపాన్ పట్టికల్లో "రికవరీ రేటు" అంటే గ్రీన్ తప్పినా పార్ లేదా అంతకంటే మెరుగ్గా ముగించిన శాతం, అంటే అమెరికా వాళ్ల స్క్రాంబ్లింగ్. నిర్వచనం కలిసినంత మాత్రాన కష్టం కలవదు. జపాన్‌లో ఒక్కో హోల్‌కి రెండు గ్రీన్లున్న పాత కోర్సులు ఇంకా ఉన్నాయి, అలాంటి చోట ఒక్కో గ్రీన్ చిన్నదిగా ఉంటుంది.

పట్‌ల దగ్గర జాగ్రత్త. జపాన్ టూర్ ముఖ్యంగా చూపే "సగటు పట్‌లు" పార్ ఆన్ అయిన హోళ్లలో హోల్‌కి ఎన్ని అన్నది, 1.7, 1.8 అలా ఉంటుంది. దాన్ని 18తో గుణించి అమెరికా వాళ్ల రౌండుకి 29, 30 పట్‌లతో పోల్చేవాళ్లున్నారు. అది కుదరదు. గ్రీన్లు ఎక్కువ తప్పేవాళ్లు చిప్ (గ్రీన్ పక్క నుంచి చిన్న దెబ్బ) చేసి దగ్గర పెట్టి ఒక్క పట్‌తో ముగిస్తారు, వాళ్లకి రౌండుకి పట్‌లు తక్కువ వస్తాయి. పటింగ్ గొప్పదని కాదు, అప్రోచ్ (గ్రీన్ మీదికి కొట్టే షాట్) బలహీనమని అర్థం. పార్ ఆన్ పట్‌లని పార్ ఆన్ పట్‌లతోనే పోల్చండి.

డ్రైవింగ్ దూరం సంప్రదాయంగా రౌండుకి రెండు హోళ్లలో కొలుస్తారు, బంతి ఆగిన చోటికి. దొర్లుడు కూడా కలుస్తుంది. తడి నేల మీద, ఎత్తుకి ఎక్కే ఫెయిర్‌వే మీద 245 గజాలూ, ఎండిన నేల మీద 255 గజాలూ ఒకే షాట్ కావచ్చు. అయినా ఒక మాట: 150 సెంటీమీటర్ల ఎత్తున్న యమాషిత 2025లో వేల్స్‌లోని రాయల్ పోర్త్‌కాల్‌లో, గాలి కోసే లింక్స్ మీద ఏఐజీ ఓపెన్ గెలిచి, ఆ ఏడాది అమెరికా టూర్ రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి మేటి కొత్త ప్లేయర్) కూడా అయ్యింది. "జపాన్ ప్లేయర్లకి దూరం చాలదు, చెట్ల మధ్య కోర్సుల్లోనే ఆడగలరు" అన్న మాట 2019లో జపాన్‌కే చెందిన హినాకో షిబునో ఇదే టైటిల్‌ని చెట్ల మధ్య ఉన్న వోబర్న్‌లో గెలిచినప్పుడు చెల్లిందేమో, ఇప్పుడు చెల్లదు.

స్ట్రోక్స్ గెయిన్డ్ (ఒక్కో రకం షాట్‌లో సగటు ప్లేయర్ కంటే ఎన్ని స్ట్రోకులు మిగిల్చారన్న లెక్క) అమెరికా టూర్‌లో 2021 నుంచి వస్తోంది. ఒకటి గుర్తుంచుకోండి, అది కూడా ఆ టూర్ సగటుకి సాపేక్షమే. టూర్ మారితే సున్నా ఎక్కడుందో కూడా మారుతుంది.

సిద్ధంగా ఉన్న కొలత కావాలంటే మహిళల ప్రపంచ ర్యాంకింగ్ అయిన రోలెక్స్ ర్యాంకింగ్ ఉంది. పోటీదార్ల బలాన్ని బట్టి పాయింట్లు, 104 వారాల డేటా, ఇటీవలి వారాలకి ఎక్కువ బరువు. చిక్కు భాజకంలో ఉంది. పాయింట్లని ఆడిన టోర్నీల సంఖ్యతో భాగిస్తారు, కనీసం 35. జపాన్‌లో వారం వారం ఆడేవాళ్లకి రెండేళ్లలో అది 70 దాకా పోతుంది. ఎంచుకుని ఆడే అమెరికా స్టార్‌కి 40 దగ్గరే ఆగుతుంది. అలసిన వారాల్లో, చిన్న టోర్నీల్లో కూడా ఆడటం జపాన్ పద్ధతి, ఆ వారాలు సగటుని కిందికి లాగుతాయి. కాబట్టి ర్యాంకింగ్‌లో పక్కపక్కనే ఉన్న ఇద్దరిలో జపాన్‌లో ఆడే ప్లేయర్ ఆట అంకె చూపించినదానికంటే కొంచెం మెరుగని నేను అనుకుంటాను.

ఇక యమాషితా, ఫురుయేనా? 2024లో యమాషిత 69.15ని పార్‌కి, ప్రత్యర్థులకి సర్దితే ఆ 0.84 ఆధిక్యం మొత్తం పోతుందని నా అంచనా. మిగిలేది అటో ఇటో చెప్పలేనంత చిన్న తేడా. రెండు టూర్ల అగ్రశ్రేణి మధ్య దూరం చాలామంది అనుకున్నదానికంటే తక్కువ. అసలు దూరం లోతులో ఉంది: అమెరికా టూర్‌లో అరవయ్యో స్థానపు ప్లేయర్‌కీ, జపాన్‌లో అరవయ్యో స్థానపు ప్లేయర్‌కీ మధ్య. పోటీదార్లందరి సగటుని కిందికీ పైకీ కదిపేది వాళ్లే.

షీట్ మొదలుపెట్టే ముందు పేర్లు సరిచూసుకోండి. జపాన్ పట్టికల్లో ఇంటిపేరు ముందు, అమెరికా పట్టికల్లో వెనక. ఇంటిపేరు మీద రెండు షీట్లు కలిపితే కవలలు ఇవాయి అకియే, ఇవాయి చిసాటో ఇద్దరూ ఒక్కరైపోతారు. దేశం జెండా చూసి టూర్ నిర్ణయించకండి. యూకా సాసో 2020లో జపాన్ టూర్‌లో రెండు గెలిచి, 2021లో ఫిలిప్పీన్స్ తరఫున యూఎస్ ఓపెన్ గెలిచి, 2024లో అదే టైటిల్ జపాన్ తరఫున గెలిచింది. ప్రతి ప్లేయర్‌కీ మీరే ఒక నంబర్ ఇచ్చి, ఆ నంబర్ మీదే కలపండి.